తార్నాక వరండాలో ఉప్పు పడవ

హైదరాబాదు వెళ్ళొచ్చానని తెలియగానే మా బందరు స్కూలు స్టాఫ్ రూములో అందరూ అడిగింది ఒక్కటే మాట. "చార్మినారు ఎక్కావా?" ఎక్కలేదు. "పోనీ ట్యాంకుబండు?" అటువైపే పోలేదు. "మరి దసరా సెలవుల్లో అంత దూరం వెళ్ళి ఏం చూశావే తల్లీ!" అని మా లెక్కల టీచరు బుగ్గన వేలేసుకుంది. ఒక వరండా చూశాను. తార్నాకలో ఎర్రగచ్చు చేసిన వరండా, దానికి కూతవేటు దూరంలో యూనివర్సిటీ, అంతే. అయినా కాశీ వెళ్ళొచ్చినవాళ్ళకి కూడా చెప్పుకోవడానికి నాకున్నంత ఉండదని నా నమ్మకం.

నేను వెళ్ళింది షికారుకి కాదు. రెండు వేసవులు కూర్చుని పిల్లల కోసం ఒక నవల రాశాను. పేరు 'ఉప్పు పడవ'. చిన్ని అనే పిల్ల మా కాలవలో ఉప్పు బస్తాలు మోసుకెళ్ళే పడవలో దాక్కుని బెజవాడ దాకా పోవడం, లాకుల దగ్గర వాన పట్టుకోవడం, ఉప్పు కరిగిపోకుండా ఆ పిల్ల చేసిన హంగామా, అదీ కథ. బెజవాడలో పుస్తకాలు వేసేవాళ్ళ గడప తొక్కితే ఒకాయన, "పిల్లలకి నవలేమిటండీ, గైడు రాసివ్వండి, కళ్ళకద్దుకుని వేస్తాం" అన్నాడు. ఇంకొకాయన "ఇందులో రాజకుమారి లేదా?" అని అడిగాడు. నాకసలే ముక్కు మీద కోపం. రాతప్రతి చంకన పెట్టుకుని వచ్చేశాను.

అప్పుడు ఎవరో సరళాబాయి గారి సంగతి చెప్పారు. ఆవిడ యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరై, తార్నాకలో ఇంటి వెనక షెడ్డులో చిన్న ప్రెస్సు పెట్టుకుని పిల్లల కథల పుస్తకాలు వేస్తున్నారట. రాస్తే, "దసరాకు పుస్తకం తీసుకొని మీరే రాండి, మా ఇంట్లనే ఉండండి, చూద్దాం" అని జవాబిచ్చారు. చూద్దామంటే ఆవిడ చదివి చూస్తారనుకున్నాను.

ఆ నవలలో మూడో అధ్యాయం నాకు ప్రాణం. అందులో చిన్నికి ఒక అక్క ఉంటుంది, రత్నం. ఆ రత్నం మా అక్కయ్యే, పేరు కూడా మార్చలేదు. నాకు ఎనిమిదో ఏడు నడుస్తున్నప్పుడు పదేళ్ళ పిల్ల జ్వరమొచ్చి పోయింది. ఆ రోజు నుంచి మా అమ్మ నోట ఆ పేరు వినలేదు. ఇంట్లో ఫోటో కూడా లేదు. మా అక్కయ్య ఈ లోకంలో ఉండేదని చెప్పడానికి ఆ అధ్యాయం ఒక్కటే మిగిలింది. నవల అచ్చవుతుందా లేదా అన్న బెంగ కన్నా అందులో అక్కయ్య ఉంటుందా అన్న బెంగే నాకు ఎక్కువ.

సికింద్రాబాదులో పౌనా

స్టేషన్లో నన్ను దింపుకోవడానికి యాదగిరి అనే ఎం.ఏ. కుర్రాడు వచ్చాడు. నల్గొండ వైపు పల్లెటూరు నుంచి వచ్చి యూనివర్సిటీ హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాడు. మనిషి వెదురుబొంగులా ఉన్నాడు గానీ నా ట్రంకుపెట్టెను అవలీలగా భుజాన పెట్టేశాడు.

"బందరు టీచరమ్మ మీరేనా? సరళమ్మ తోల్కరమ్మన్నది. ముందుగాల చాయ్ తాగుదాం పాండ్రి."

ఇరానీ హోటల్లో ఆడవాళ్ళకి వేరే గది ఉంది, పరదా వేసి. ఆ పరదా వెనక కూర్చోబెట్టారు. ఈ ప్రయాణంలో నాకు పరదా రాసిపెట్టి ఉందని అప్పటికి తెలియదు. యాదగిరి "దో పౌనా" అని కేకేశాడు. పౌనా అంటే ముప్పావు అట. చాయ్ ముప్పావు కప్పే వస్తుంది గానీ చిక్కగా, మీగడ తేలుతూ వస్తుంది. కప్పు పదిహేను పైసలు. మా ఊళ్ళో కప్పు నిండకపోతే కొట్టువాడితో గొడవ పెట్టుకుంటాం, ఇక్కడ అడిగి మరీ తక్కువ పోయించుకుంటున్నారు! యాదగిరి సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగాడు. నేను కప్పుతోనే తాగి నాలుక కాల్చుకున్నాను.

తార్నాక దాకా రిక్షాలో వెళ్ళాం. దారి పొడవునా ఎన్నికల గుర్తులు గోడల మీద ఇంకా చెరగలేదు. ఎక్కడ చూసినా ఏనుగులంత బండరాళ్ళు, వాటి సందుల్లో ఇళ్ళు. మా వైపు ఇల్లు కట్టాలంటే బురద తవ్వి పోస్తారు, వీళ్ళు రాయిని బతిమాలుకుని దాని పక్కన కట్టుకున్నట్టుంది.

వరండా కానూను

సరళాబాయి గారు గేటు దాకా ఎదురొచ్చారు. తెల్లజుట్టు, పెద్ద బొట్టు, చేతి వేళ్ళకి ప్రెస్సు సిరా.

"రాండి టీచరమ్మ గారూ. బండిల ఆగమైండ్రా? జర కాళ్ళు కడుక్కోండి, రొట్టె తిందాం."

జొన్నరొట్టె, వంకాయ కూర, పచ్చిపులుసు. రెండు రొట్టెలు తిన్నాక అసలు సంగతి చెప్పారు.

"చూడండి, నేనెవ్వరి నవల చదువ. నాకు అరవై దాటినయ్, నాకు నచ్చితే ఏంది, నచ్చకుంటే ఏంది? సాయంత్రం వరండాల పిల్లలు కూసుంటరు. మా యాదగిరి చదువుతడు. ఎవరికి ఇష్టం లేకుంటే వాళ్ళు లేచి పోవచ్చు, ఎవ్వరం ఆపం. ఆఖరుదాకా ఉన్నరనుకో, అచ్చు ఏస్త. చాప ఖాళీ అయిందనుకో, వాపస్."

"మరి నేను?"

"రాసినోళ్ళు వంటింట్ల కూసోవాలె, పరదా వెనుక. నోరు తెరిచిండ్రా, అప్పుడు గూడ వాపస్. గిదే గీడ కానూను."

నాకు భయం పట్టుకుంది. పిల్లలు లేచిపోతారని కాదు. నోరు మూసుకుని కూర్చోవడం నాకు పుట్టుకతో రాలేదు.

సాయంత్రం పిల్లలొచ్చారు. యూనివర్సిటీ క్వార్టర్లలో ఆఫీసర్ల పిల్లలు, తోటపని చేసేవాళ్ళ పిల్లలు, లాలాగూడ రైల్వే పిల్లలు, చంకన తమ్ముణ్ణి వేసుకొచ్చిన ఆడపిల్లలు. బతుకమ్మ రోజులు కదా, పువ్వులు కోసొచ్చిన చేతులు పసుపుపచ్చగా ఉన్నాయి. మా వైపు దసరాకి బొమ్మలు మెట్ల మీద పేర్చి ముట్టుకోవద్దంటాం. వీళ్ళు పువ్వులు పేర్చి, చుట్టూ ఆడి, చెరువులో వదిలేస్తారు. పిల్లల పండగంటే ఇదే నయమనిపించింది.

అందరికీ మరమరాలు, పుట్నాలు పంచారు. యాదగిరి గొంతు సవరించుకున్నాడు. అబ్బ, ఏం గొంతండీ! పడవ నడిపే సరంగు మాట్లాడితే సరంగే, పడవ కదిలితే తాడు కిర్రుమన్నదీ వినిపించింది. నేను పరదా వెనక చిక్కుడుకాయలు తుంపుతూ కూర్చున్నాను. రెండధ్యాయాలూ అయ్యేసరికి కాయలైపోయి, ఈనెలు కూడా తుంపేస్తున్నానని సరళాబాయి గారు చూపిస్తే తెలిసింది. ఒక్క పిల్లాడు మాత్రం లేచాడు. వాడు కూడా దొడ్డి వైపు వెళ్ళి పరుగెత్తుకుంటూ వచ్చేశాడు.

"మూడోది ఏదయ్యా?"

మర్నాడు పొద్దున సాయం చేద్దామని వంటింట్లోకి వెళ్ళి పెద్ద నిర్వాకం చేశాను. గిన్నెలో చింతపండు నీళ్ళు, ఉల్లిపాయ ముక్కలు కనిపిస్తే, పాపం మరిచిపోయారేమోనని పొయ్యి మీద పెట్టి బాగా మరిగించాను. అది పచ్చిపులుసుట. కాచరు కాబట్టే పచ్చి. నిన్న తిన్నప్పుడు చల్లారిందనుకున్నాను నేను! సరళాబాయి గారు కడుపు పట్టుకుని నవ్వి, "బందరోళ్ళు పచ్చిగ ఏదీ ఉండనియ్యరా?" అన్నారు.

సాయంత్రం మూడో అధ్యాయం. నేను పరదా వెనక చేతులు కట్టుకుని కూర్చున్నాను. "ఉప్పు మడుల మీద తెల్లవారుతోంది" అని యాదగిరి మొదలుపెట్టాడు. నా కళ్ళు అప్పుడే చెమర్చాయి. రెండు వాక్యాలు చదివాడు. పిల్లలు గుసగుసలాడుకున్నారు. యాదగిరి ఒకసారి దగ్గాడు. ఆ తర్వాత వినిపించిన వాక్యం, "పడవ కదిలింది."

అది నాలుగో అధ్యాయం! పన్నెండు పేజీలు గాల్లో కలిసిపోయాయి. ఒక్క పిల్లకి కూడా అనుమానం రాలేదు. గట్టున నిలబడ్డ మా అక్కయ్యని అక్కడే వదిలేసి పడవ పోతోంది. నాకు ఒళ్ళు మండిపోయింది. కానూనూ లేదు, గీనూనూ లేదు. పరదా లాగి వరండాలోకి దూకాను.

"మూడోది ఏదయ్యా? మా అక్కయ్య ఏదీ?"

పిల్లలు గతుక్కుమన్నారు. చంకలో పిల్లాడు ఏడుపందుకున్నాడు. యాదగిరి లేచి నిలబడ్డాడు.

"టీచరమ్మా, కోపం చెయ్యకుండ్రి. మా మామ ఒగ్గు కథ చెప్తడు. డోలు కొట్టుకుంట రాత్రంత చెప్పే కథ. జనం కదులుతున్నరంటే గా ముచ్చట దుంకిచ్చి ముందుకు పోతడు. నాకు గదే అలవాటు. పిల్లలు లేచేటట్టున్నరు, మీ పుస్తకం వాపస్ పోతదని భయమై దుంకిచ్చిన."

నా మంచి కోసమే చేశాడని వినగానే ఇంకా కోపమొచ్చింది. నేను అరుస్తుంటే సరళాబాయి గారు నెమ్మదిగా లేచి రాతప్రతి తీసుకుని నా చేతిలో పెట్టారు.

"కానూను కానూనే టీచరమ్మ గారూ. నోరు తెరిచిండ్రు."

అప్పుడు పిల్లలు గోల పెట్టారు చూడండి! "మరి పడవ?" "వాన పడతదా?" "చిన్ని దొరుకుతదా అమ్మా?" సరళాబాయి గారు నన్నూ పిల్లల్నీ మార్చి మార్చి చూశారు.

"యాదగిరి గూడ తప్పు చేసిండు కాబట్టి ఒక్క మౌకా ఇస్త. రేపు మూడోది మీరే చదవండి. పిల్లలు ఉంటే పడవ ముందుకు పోతది. పోతే ఇగ మీరు గూడ బందరు బండి ఎక్కాలె."

సీతాఫలాల కుప్ప

మర్నాడు పొద్దున నన్ను ప్రసన్నం చేసుకోవడానికి యాదగిరి యూనివర్సిటీ చూపిస్తానన్నాడు. మూతి ముడుచుకునే వెళ్ళాను. ఎంత పెద్ద రాతి భవనమో! గులాబీరంగు రాయి, లోపలికి వెళితే చెప్పులు చేతిలో పట్టుకోవాలనిపించే నేల. చుట్టూ బండలు, పొదలు, నెమళ్ళ అరుపు. మా కాలేజీల్లో చెట్టు కింద నిలబడితే వాచ్‌మన్ వస్తాడు, ఇక్కడ కుర్రాళ్ళు బండల మీద పడుకుని చదువుకుంటున్నారు.

గేటు దగ్గర ఒకామె సీతాఫలాలు కుప్పలుగా పోసి కూర్చుంది. మేము డజన్ల లెక్కన కొంటాం, ఆమె కుప్ప లెక్కన అమ్ముతోంది. నేను పెద్ద కాయలు ఏరబోతే చేతి మీద చిన్న దెబ్బ వేసింది.

"ఏరుడు లేదు బిడ్డా. చిన్నది పెద్దది కలిస్తెనే కుప్ప. పెద్దయన్ని నువ్వే పట్టుకపోతే చిన్నయి ఎవరింటికి పోవాలె?"

కోపం మరిచిపోయి నవ్వేశాను. బండ మీద కూర్చుని పళ్ళు తిన్నాం. గింజలు ఊస్తూ యాదగిరి తన సంగతి చెప్పుకొచ్చాడు.

"మా ఊళ్ళె బడి ఉండె, పుస్తకం లేకుండె. పుస్తకమంటే పాఠాలదే. కథంటే చెవుల పడేది, చేతుల పట్టేది కాదు. పట్నమొచ్చినంక సరళమ్మ ఇంట్ల చూసిన, పిల్లల కోసమని బొమ్మలేసిన కథ పుస్తకం. ఇంత పొడుగున్న నేను గోడకు కూసొని మొత్తం చదివిన. నవ్వుతరని ఎవ్వరికి చెప్పలే."

ఆ మాటకి నా కోపం నీరుగారిపోయింది. ఇంకో పండు వలిచి వాడి చేతిలో పెట్టాను.

చాప మీద ఒక్కతే

సాయంత్రం నేనే చదివాను. బడిలో ఇన్నేళ్ళు పాఠం చెప్పిన గొంతు నాది, ఎవరు లేస్తారో చూస్తాను అనుకున్నాను. తెల్లవారుతోంది. మంచు. ఉప్పు మీద లేత ఎండ. రత్నం నవ్వింది. రత్నం పాదాల కింద ఉప్పు మెరిసింది. రత్నం మళ్ళీ నవ్వింది.

మొదట రైల్వే పిల్లలు లేచారు. మర్యాదగానే, వంగి వంగి వెళ్ళారు. తర్వాత చంకన పిల్లలున్నవాళ్ళు. ఆరో పేజీలో ఆఫీసర్ల పిల్లలు గోడెక్కేశారు. తల ఎత్తకుండా చదువుతూనే ఉన్నాను గానీ నా గొంతు సన్నబడిపోతోంది. పన్నెండో పేజీ అయ్యేసరికి చాప మీద ఒక్కతే మిగిలింది. ముందు పళ్ళు రెండూ ఊడిపోయిన పిల్ల. పేరు లచ్చి, యూనివర్సిటీలో తోటపని చేసే ఆయన కూతురు. మరమరాలు ఇంకా మిగిలి ఉన్నాయని కూర్చుందో ఏమో తెలియదు.

"టీచరమ్మా, గా అక్క మూగదా?"

"మూగదేమిటే?"

"ఒక్క మాట మాట్లాడలే. ఊకె నవ్వుడే. మా అక్కయితే నన్ను మస్తు కొడ్తది, జుట్టు గుంజుతది. గీ అక్క ఎందుకు నవ్వుతది?"

నేను కాగితాల వైపు చూశాను. నిజమే. పన్నెండు పేజీల్లో మా అక్కయ్య నోరు విప్పలేదు. దేవుడి పటంలా నిలబెట్టి దండ వేశాను. నోట్లో వేలు పెడితే చేతిని మోచేతి దాకా కొరికే పిల్లని!

"మూగది కాదే," అన్నాను. "దాని నోటికి మా ఊరంతా హడలు. ఒకసారి నన్ను అమ్మేసింది."

"అమ్మిందా? ఎవరికి?"

"ఉప్పు పడవ సరంగుకి. బెల్లం ముక్క తీసుకుని."

లచ్చి నోరు తెరిచింది. గోడ మీద ఒక తల లేచింది.

నేను కాగితాలు పక్కన పెట్టేశాను. ఇన్నేళ్ళుగా తలుచుకోని సంగతి నోటికి దానంతటదే వచ్చేసింది. సరంగు ఎగతాళికి, "నీ చెల్లెల్ని ఇస్తావా, బెల్లమిస్తాను" అన్నాడు. అక్కయ్య బేరమాడి పెద్ద ముక్క తీసుకుని, నన్ను ఎత్తి బస్తాల మీద కూర్చోబెట్టింది. పడవ నిజంగానే కదిలింది. నేను ఏడుపు. అది గట్టు మీద కూర్చుని బెల్లం కొరుకుతోంది. కాసేపటికి ఏం తోచిందో, పరికిణీ ఎగదోపుకుని కాలవ గట్టు వెంట పరుగు. "ఒరేయ్ సరంగూ, మా చెల్లెల్ని ఇచ్చెయ్యరా! నీ బెల్లం బాగాలేదురా!" అని కేకలు. సరంగు పడవ ఆపి, "బెల్లం వాపసు ఇస్తేనే పిల్ల" అన్నాడు. అప్పుడు మా అక్కయ్య బుగ్గలో దాచుకున్న ముక్క తీసి, పరికిణీకి తుడిచి, వాడి అరచేతిలో పెట్టింది.

వరండా అంతా ఒకటే నవ్వు. తలెత్తి చూస్తే చాప నిండిపోయి ఉంది. ఎప్పుడొచ్చారో అందరూ వచ్చేశారు. "మల్ల?" "మల్ల కొట్టిందా నిన్ను?" "కొట్టింది," అన్నాను, "ఇంటికొచ్చేదాకా కొడుతూనే ఉంది, ఎందుకెక్కావు పడవ అని." నేను నవ్వుతున్నాను, కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి. దాన్ని ఎంతగా ప్రేమించానో ఆ పిల్లల మధ్య కూర్చున్నాకే నాకు తెలిసొచ్చింది.

సరళాబాయి గారు అద్దాలు తుడుచుకున్నారు. "ముచ్చట మంచిగున్నది. కానీ కాగితం మీద లేదు గద. నోటిమాట నేనెట్ల అచ్చు ఏస్త? రాయండి."

మెట్ల మీద

మరుసటి రోజంతా ఆ గులాబీరంగు భవనం మెట్ల మీద కూర్చుని రాశాను. చిన్ని ఇప్పుడు పడవలో దాక్కోలేదు, అమ్ముడుపోయింది. యాదగిరి పక్క మెట్టు మీద పరీక్షకి చదువుకుంటూ మధ్యాహ్నం పావుబన్నూ చాయ్ తెచ్చిపెట్టాడు. ఒక కుర్రాడు నన్ను లెక్చరరనుకుని హాజరు గురించి బతిమాలుకున్నాడు. సరే పో అన్నాను, నాదేం పోయింది!

సాయంత్రం యాదగిరే చదివాడు. నేను పరదా వెనక. ఈసారి ఒక్క మాట దుంకించలేదు. పైగా అక్కయ్య చేత ఒక తిట్టు ఎక్కువ తిట్టించాడు. విననట్టు ఊరుకున్నాను. ఎవరూ లేవలేదు. అయినా సరళాబాయి గారు ఏమీ తేల్చలేదు. "రేపు పొద్దుగాల చూద్దాం" అన్నారు. ఇంకా చూడ్డానికేముందని నాకు ఒళ్ళు మండింది గానీ, ఈ సారికి నోరు తెరవలేదు.

గేటు దగ్గర

బయల్దేరే రోజు పొద్దున్నే ఆవిడ నన్ను గేటు దగ్గరికి పిలిచి, మాట్లాడొద్దని సైగ చేశారు. రోడ్డు పక్క ఇసుక కుప్ప మీద విరిగిన మంచమొకటి తిరగేసి పడవ చేశారు పిల్లలు. ఆఫీసరు గారబ్బాయి సరంగు. బస్తాల బదులు చంకపిల్లలు. ఇద్దరాడపిల్లలు మాత్రం జుట్లు పట్టుకుని కొట్టుకుంటున్నారు.

"నేను రత్నం అయిత!"

"నువ్వు చిన్ని అయిపో. బెల్లం నేను తెచ్చిన, నేనే రత్నం!"

ఆ రెండో గొంతు లచ్చిది. నిజంగానే దాని బుగ్గ ఉబ్బి ఉంది.

"రాత్రి నవ్విండ్రని నేను అచ్చు ఎయ్య," అన్నారు సరళాబాయి గారు. "పొద్దుగాల లేచి ఆడుకున్నరంటే ఏస్త. సంక్రాంతి లోపల పుస్తకం వస్తది, పోయి రాండి."

ఎవరూ ఎరగని మా అక్కయ్య కోసం తార్నాకలో ఇద్దరు పిల్లలు కొట్టుకుంటున్నారు.

మళ్ళీ బందరు

ఇంటికొచ్చాక రెండు రోజులు అమ్మకి ఏమీ చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? మూడో రోజు అన్నం తింటూ నోరు జారాను. వరండా, పచ్చిపులుసు, పిల్లలు, చివరికి బెల్లం సంగతి, ఇసుక మీద ఆట, అన్నీ చెప్పేశాను. అమ్మ మజ్జిగ కలుపుకుంటున్న చెయ్యి ఆపింది. ఇక లేచి వెళ్ళిపోతుందనుకున్నాను.

"ఇంతకీ రత్నం ఎవరయ్యారు?" అంది.

ఆ పేరు అమ్మ నోట విని నా చేతిలో ముద్ద జారిపోయింది. "లచ్చి అని ఒక పిల్ల. ముందు పళ్ళు రెండూ లేవు."

"అయితే సరిగ్గా సరిపోయింది. ఆ బెల్లం కొరికేటప్పుడే కదా దాని పన్ను ఊడింది. ఆ పన్ను బెల్లంలోనే ఉండిపోతే, సరంగు చూసుకోకుండా నోట్లో వేసుకున్నాడు. మర్నాడు వచ్చి నాతో ఒకటే పోట్లాట." అమ్మ నవ్వింది. నవ్వుతూ పమిటచెంగు కళ్ళకి ఒత్తుకుంది. మళ్ళీ మజ్జిగ కలుపుకుంది.

"అచ్చు వెయ్యడానికి ఇంకా టైముందన్నావు కదూ?"

"ఉందమ్మా."

"అయితే అది కూడా రాయి."